మన యింటి టెలివిజన్: ఉచిత ప్రసారము, చందా ప్రసారము



మా కమ్మర్‌పల్లి ప్రాంతమున పసుపు త్రవ్వి, ఉడికించి, కల్లములలో ఆరబోయు దినములలో రాత్రివేళ కావలి యుండుట వాడుక. అట్టి యొక సాయంకాలము పసుపు కొమ్ములకు కావలి కూర్చున్న యొక వృద్ధరైతు నన్ను పిలిచి యిట్లడిగెను: "సారూ, ఇంటి మీద గొడుగు పెట్టినోడు ఫ్రీ అన్నడు. వైరు గుంజినోడు నెలకు పైసలన్నడు. ఇద్దరు చూపెట్టేది టీవీయే గదా! ఒకటి ఫ్రీ ఎట్లయితది? ఇంకోదానికి పైసలెందుకు?" ప్రశ్న చిన్నది. కాని దానికి సరియైన సమాధానము చెప్పవలెనన్నచో ఇంచుమించు నూరేండ్ల చరిత్ర చెప్పవలసి వచ్చును. ఆ చరిత్రనే నేడు మీకు సంగ్రహముగా మనవి చేసెదను.

మొదట మన మెరిగిన దృష్టాంతములు రెండు. చిందు భాగోతమును మీలో పెద్దవారందరును చూచియే యుందురు. మన నిజామాబాదు జిల్లాకు చెందిన చిందు ఎల్లమ్మ పేరు విననివారుండరు. చిందువారు వేషము గట్టి వాకిట ఆడుచుండగా ఊరివారందరును చుట్టును కూర్చుండి చూచెడివారు. ఎవ్వరిని టికెట్టు అడుగుట లేదు. అంతమాత్రమున ఆ యాట వెల లేకయే జరిగినదా? లేదు. పరంపరగా వారిని పోషించు మాదిగ యిండ్లవారు త్యాగ మిచ్చిరి. తక్కినవారు తమకు తోచినంత గింజలు కొలిచిరి. వెల చెల్లినది, చూచు ప్రతివాని చేతినుండియు గాక వేరొక చేతినుండి చెల్లినది. అటు పిమ్మట గుడారపు సినిమా వచ్చెను. చుట్టును గుడ్డ కట్టిరి. టికెట్టు కొన్నవాడు లోపల, కొననివాడు వెలుపల. ఇచ్చట వెల చూచువాని చేతినుండియే చెల్లవలెను. టెలివిజన్ చరిత్ర యంతయు ఈ రెండు పద్ధతుల నడుమ జరిగిన కథయే. వాకిటి భాగోతము ఉచిత ప్రసారము. గుడారపు ఆట చందా ప్రసారము. ఇది మనసున నుంచుకొని వినుడు.

గాలిలో వచ్చు ధ్వనికి గుడ్డ కట్టుట మొదట నెవ్వరికిని చేతకాలేదు. 1927 జూలై 23వ తేదీన బొంబాయిలో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ యను ప్రైవేటు సంస్థ క్రమబద్ధముగ రేడియో ప్రసారములను ఆరంభించెను. రేడియో పెట్టె గలవాడు ఏటికి 10 రూపాయల లైసెన్సు చెల్లింపవలెను. అందులో అధికభాగము కంపెనీకి ముట్టవలెను. ఇదియే వారి యేర్పాటు. కాని లైసెన్సు లేకయే వినువారు పెక్కురైరి. రాబడి చాలక 1930లో ఆ కంపెనీ మూతబడెను. అప్పుడు ప్రభుత్వమే రేడియోను తన చేతికి తీసికొనెను. మన నిజాం రాజ్యమునను హైదరాబాదు రేడియో కేంద్రము 1935లో ప్రభుత్వ పరమై, 1950లో ఆలిండియా రేడియోలో కలిసెను. నా బాల్యమున మా తండ్రిగారు రేడియో లైసెన్సు పుస్తకమును సంచిలో పెట్టుకొని టపా కచ్చేరికి పోయి ఏటేట బిళ్ళ అంటించుకొని వచ్చుట నాకు జ్ఞాపకము. టెలివిజన్‌కును తొలుత అట్టి లైసెన్సే యుండెను. 1980 తరువాతి సంవత్సరములలో ఈ పద్ధతి రద్దయ్యెను. కాబట్టి ఆ దినముల ప్రసారమును మనము ఉచితమని తలచినను, లైసెన్సు రూపమునను పన్నుల రూపమునను మనమే వెల యిచ్చుచుంటిమి.

మన దేశమున టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగముగా ఆరంభమయ్యెను. దేశమందలి పెక్కు పల్లెల కది చేరుటకు మఱి పదునారేండ్లు పట్టెను. చేరిన విధము మాత్రము మిక్కిలి గొప్పది. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు, అమెరికావారి ఏ.టి.ఎస్-6 అను ఉపగ్రహమును ఒక సంవత్సరము ఎరువు తెచ్చుకొని, ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు నేరుగా ప్రసారము చేసిరి. ఆంధ్రప్రదేశము వానిలో నొకటి. తెలుగు ఆ ప్రసార భాషలలో నొకటి. కార్యక్రమములు తయారుచేయు మూడు కేంద్రములలో హైదరాబాదొకటి. కోళ్ళగూటికి కట్టు ఇనుపవల వంటి దానితో పదియడుగుల గొడుగు చేసి, బడి మీదనో పంచాయతి మీదనో నిలిపి, ఊరంతటికిని ఒకే పెట్టె పెట్టిరి. వ్యవసాయము, ఆరోగ్యము, బిడ్డల చదువు, ఇవి ముఖ్య విషయములు. నగరములలో పెక్కింటికి టెలివిజన్ రాకముందే కొన్ని పల్లెలు దానిని చూచినవి. ఒక్కరిని పైసా అడుగలేదు. ఉచిత ప్రసారమునకు మన దేశమున ఇంతకంటె నిర్మలమైన ఉదాహరణము లేదు. కాని యేడాది కాగానే ఉపగ్రహము వెనుకకు పోయెను. ఇతరుల సొత్తుపై నాధారపడిన ఉచితము ఎన్నాళ్ళు నిలుచునో అప్పుడే తెలిసివచ్చెను.

తరువాత 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము ప్రసారముల నారంభించెను. 1982లో రంగుల బొమ్మ వచ్చెను. 1983లో మన ఇన్సాట్-1బి ఉపగ్రహము ఎగిరిన పిమ్మట దేశమంతటను చిన్న చిన్న ప్రసార స్తంభములు వేగముగ లేచెను. అప్పటినుండి ఇండ్లమీద చేపముల్లు వంటి యాంటెన్నాలు మొలచినవి. ఒకడు పైకెక్కి దానిని త్రిప్పుచుండ, వేరొకడు లోపలినుండి "వచ్చింది, వచ్చింది, మళ్ళ పోయింది" అని కేకలు వేయుట మీరందరు నెరిగినదే. 1987 జనవరి 25 మొదలు 1988 జూలై 31 వరకు ఆదివారము ఉదయము రామాయణము వచ్చుచుండగా వీథులు నిర్మానుష్యములయ్యెడివి. పెట్టెగల గృహస్థు దానిని అరుగుమీదికి తెచ్చి పెట్టెడివాడు. వాడకట్టు వాడకట్టంతయు వాకిట కూర్చుండెడిది. ఒకే చానెలు, ఒకే వేళ, అందరికిని ఒకే కథ. చూడదగినది తక్కువయే. కాని చూచుటకు ఎవ్వనికిని అడ్డులేదు.

ఇతర దేశములలో నప్పటికే గుడారము కట్టు విద్య సిద్ధించియుండెను. అమెరికాలో 1948 ప్రాంతముననే కొండల చాటున నున్న ఊళ్ళవారు కొండమీద యాంటెన్నా నిలిపి అచ్చటినుండి ఇంటింటికి తీగ లాగుకొనిరి. అదియే కేబుల్ టెలివిజన్‌కు ఆరంభము. 1972లో హెచ్.బి.ఓ. అను సంస్థ ఆ తీగల ద్వారమున వేరుగా నెలచందా పుచ్చుకొని సినిమాలు చూపనారంభించెను. తీగ యనగా నేమి? గాలికి కట్టిన గుడ్డ. చందా ఇచ్చినవాని ఇంటికే తీగ పోవును. 1927లో బొంబాయి కంపెనీకి చేతగాని పని ఇట్లు చేతనైనది.

మన దేశమునకు ఈ తీగ దొడ్డిత్రోవనే వచ్చెను. మొదట పట్టణములలో ఒకడు వీడియో క్యాసెట్టు వేసి, తీగ ద్వారమున ఇరుగుపొరుగు ఇండ్లకు సినిమా చూపెను. మా ప్రాంతమున గల్ఫు దేశములకు కూలికి పోయినవారు సెలవునకు వచ్చునప్పుడు వీడియో పెట్టెలు మోసికొని వచ్చిరి. వానిని కిరాయికి తెచ్చి రాత్రియంతయు సినిమాలు చూచిన దినములు మీకు జ్ఞాపక ముండవచ్చును. 1991లో గల్ఫు యుద్ధమును అమెరికావారి సి.ఎన్.ఎన్. ఆకాశమునుండి చూపగా, విదేశపు బొమ్మను పెద్ద గొడుగుతో పట్టవచ్చునని లోకమునకు తెలిసెను. ఆ యేడే హాంగ్‌కాంగు నుండి స్టార్ టీవీ వచ్చెను. 1992లో హిందీకి జీ టీవీ, 1993లో తమిళమునకు సన్ టీవీ వచ్చెను. వీడియో చూపిన తీగవాడే ఇప్పుడు పెద్ద గొడుగు నిలిపి ఈ చానెళ్ళను ఇంటింటికి పంచెను. చట్టము లేదు, అనుమతి లేదు. స్తంభమునుండి స్తంభమునకు, చెట్టునుండి చెట్టునకు తీగ వ్రేలాడెను.

మన తెలుగువారికి 1995వ సంవత్సరము ముఖ్యము. ఆ యేట మూడు పనులు జరిగెను. మొదటిది, ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు తీర్పు. 1993లో హీరో కప్ క్రికెట్ ఆటను ఎవరు ప్రసారము చేయవలెనను తగవు దూరదర్శన్‌కును, ఆటను జరుపు బెంగాల్ సంఘమునకును నడుమ పుట్టెను. ఆ తగవున కోర్టువారు ఆకాశతరంగములు ప్రజల సొత్తనియు, ప్రభుత్వమునకు గాని ధనవంతులకు గాని వానిపై గుత్తాధిపత్యము కూడదనియు చెప్పిరి. ఆ ముగ్గురు న్యాయమూర్తులలో తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డిగారొకరు. రెండవది, కేబుల్ టెలివిజన్ చట్టము. తీగవాడు ప్రధాన టపా కచ్చేరిలో పేరు నమోదు చేయించుకొనవలెననియు, దూరదర్శన్ ప్రసారములను తప్పక చూపవలెననియు అది విధించెను. మూడవది, జెమిని టీవీయు, ఆగస్టు 27న ఈటీవీయు తెలుగున ఆరంభమగుట. అంతవరకు దినమునకు కొన్ని గంటలు మాత్రమే వినబడిన తెలుగు ప్రొద్దస్తమానము వినబడెను. పిమ్మట 2002లో మా టీవీ, 2004లో వార్తలకే ప్రత్యేకింపబడిన టీవీ9, 2005లో జీ తెలుగు, 2008లో తిరుమల తిరుపతి దేవస్థానమువారి శ్రీవేంకటేశ్వర భక్తి చానెలు, 2011లో టీ న్యూస్, 2012లో వీ6 వరుసగ వచ్చినవి.

ఇట్లు వచ్చిన చానెళ్ళలో పెక్కు తొలుత ఉచితముగనే వచ్చినవి. వాని వెల ప్రకటనకర్త యిచ్చెను. ప్రకటనకర్త తన యింటినుండి యిచ్చెనా? మనము కొను సబ్బుబిళ్ళ వెలలో, తలనూనె వెలలో కలిపి మననుండియే పుచ్చుకొనెను. జనులు బాగుగ మరిగిన తరువాత, ప్రజాదరణ గల చానెళ్ళు క్రమముగా తమ బొమ్మకు తాళము వేసి, తాళపుచెవికి వెల యడుగనారంభించినవి. తీగవాడు నూరిండ్లకు చూపి నలువది యిండ్లని లెక్క చెప్పునని చానెళ్ళవారి ఫిర్యాదు. అడిగినంత వెల యిచ్చుకొనలేమని తీగవారి ఫిర్యాదు. నడుమ మన యింటి బొమ్మ ఆగిపోయెడిది. ఈ ప్రసారసేవలను నియంత్రించు అధికారము 2004లో ట్రాయ్ అను సంస్థకు వచ్చెను.

అంతలో తీగతో పనిలేని మార్గమును తెరవబడెను. 2003లో డిష్ టీవీ, 2006లో టాటా స్కై, తరువాత సన్ డైరెక్టు, ఎయిర్‌టెల్ మున్నగునవి రెండడుగుల చిన్న గొడుగును ఇంటిపై పెట్టి నేరుగా ఉపగ్రహమునుండి బొమ్మ దింపినవి. నెలచందా ముందుగ కట్టవలెను. గడువు దాటిన బొమ్మ పోవును. వానకారు మబ్బు పట్టినప్పుడు ఈ చిన్న గొడుగుల బొమ్మ చెదరిపోవుట మీరు చూచుచునే యున్నారు. అవి వాడు తరంగము మిక్కిలి సూక్ష్మమగుటచే వానచినుకులు దానిని మ్రింగును.

ఇవన్నియు గుడారములే. అయినను వాకిటి భాగోతము చావలేదు. 2004 డిసెంబరు 16న ప్రసారభారతి డిడి డైరెక్ట్ ప్లస్ అను ఉచిత సేవను 33 చానెళ్ళతో ఆరంభించెను. నేటి డిడి ఫ్రీ డిష్ అదియే. గొడుగు, పెట్టె ఒక్కసారి కొనుక్కొన్నచో నెలచందా ఏమియు లేదు. నేడు దేశమున నాలుగు కోట్లకు పైగా ఇండ్లలో ఇది యున్నదని అంచనా. లోకములో చందాలేని ఇంతటి సేవ అరుదు.

తీగకు మరల వత్తము. 2011లో చట్టము మార్చి, తీగల నన్నిటిని డిజిటల్ పద్ధతికి మార్చవలెనని నిర్ణయించిరి. 2012 అక్టోబరు నెలాఖరున మహానగరములతో మొదలై, 2013లో హైదరాబాదు విశాఖపట్టణములు చేరిన జాబితాతో సాగి, 2017 మార్చి 31వ తేదీ గడువుగ పల్లెల వరకు వచ్చెను. ఇంటింటికి సెట్‌టాప్ బాక్సు వచ్చినది ఇట్లే. ఇందువలన ఇండ్లలెక్క దాచుట పోయెను. ఏ యింట ఏ చానెలు చూపవలెనో వేరువేరుగ నిర్ణయింప వీలయ్యెను. వీలు కలిగినది గనుక 2019 ఫిబ్రవరి 1 నుండి క్రొత్త ధరలపద్ధతి వచ్చెను. ప్రతి చానెలు తన వెలను బహిరంగముగ ప్రకటింపవలెను. చూచువాడు తనకు కావలసినదే కోరి, దానికే వెల యియ్యవచ్చును. అది గాక, 100 చానెళ్ళ వరకు మోయు కూలిగ నెలకు 130 రూపాయలు, దానిపై పన్నుతో 153 రూపాయల 40 పైసలు మించకుండ చెల్లింపవలెనని నిర్ణయించిరి. 2020లో ఆ 130 రూపాయలకే 200 చానెళ్ళన్నారు. 2024 జూలైలో ఆ హద్దును తొలగించి, కూలిని సేవాసంస్థలే నిర్ణయించుకొనవచ్చునన్నారు.

ఇచ్చటనే మా వృద్ధరైతు ప్రశ్నకు సగము సమాధానము దొరకును. తీగలో ఉచిత చానెలనగా చానెలువాడు వెల పుచ్చుకొనడని మాత్రమే యర్థము. దానిని ఇంటికి మోసికొని వచ్చిన తీగవాని కూలి మన మీయవలసినదే. మార్కెటులో పసుపు ఊరకనే దొరకినను బండికిరాయి తప్పదు గదా!

నేను స్వయముగ మోసపోయిన సంగతి యొకటి చెప్పెదను. 2019లో ఈ పద్ధతి వచ్చినప్పుడు తీగవాని మనిషి యొకడు మా యింటికి వచ్చి, "అందరు తీసుకునే ప్యాకు ఇదే" యని యొక కాగితము చూపెను. నలువదేండ్లు పిల్లల దస్తూరి దిద్దినవాడను, ఆ కాగితమును చదువకయే సంతకము చేసితిని. మా యింట చూచునవి వార్తలు, భక్తి చానెలు, రెండు కథల చానెళ్ళు. కాని మూటలో ముప్పది చానెళ్ళకు వెల కట్టుచుంటిని. ఒక యేడాది పిమ్మట మా మనుమరాలు ధరల పట్టిక చూచి చెప్పగా నాకు తెలిసెను. చట్టము నాకు కోరుకొను హక్కు నిచ్చెను. కాని ఆ హక్కు నాకున్నదని నాకెవ్వరును చెప్పలేదు, నేను నడుగలేదు. తప్పు సగము నాదియే.

ఇక రెండవ సగము. ఇది మొదటి దానికంటె బరువైనది. మా వీథిలో నొక ముసలమ్మ కలదు. కొడుకు దుబాయిలో నుండగా ఇంట నొంటరిగ నుండును. చందా భారమని ఫ్రీ డిష్ పెట్టించుకొనెను. ఆమె పెట్టెలో తెలుగనగా దూరదర్శన్ వారి యాదగిరి, సప్తగిరి. అవి గాక ప్రైవేటు తెలుగు చానెళ్ళు బహు తక్కువ. తక్కినవి యెక్కువగ హిందీ. రాత్రిపూట హిందీ కథ పెట్టుకొని కూర్చుండును. "అర్థమగుచున్నదా అత్తా?" యని యడిగితిని. "మొకాలు చూస్త బిడ్డా. ఎవలు ఏడుస్తున్నరో తెలుస్తది" అని బదులు చెప్పెను.

ఇట్లేల జరుగుచున్నది? ఫ్రీ డిష్‌లో ప్రైవేటు చానెలుకు స్థానము వేలముపాటలో దొరకును. నిజామాబాదు యార్డులో పసుపు వేలము మీరెరుగుదురు. ఎక్కువ పాడినవానికే సరుకు. పలురాష్ట్రములలో చూచువారు గల హిందీ చానెలుకు ప్రకటనల రాబడి మెండు. అది కోట్లు పాడగలదు. మన పేరుపొందిన తెలుగు కథాచానెళ్ళకు చందారాబడి చక్కగ నుండగా ఉచితముగ నిచ్చుటకు మనసొప్పదు. ఇట్లు తెలియకుండగనే యొక విభజన జరిగినది. మాతృభాషలో కథ వినవలెనన్న చందా. చందా యియ్యలేనివానికి పరభాష. 1975లో పంచాయతి ముంగిట ఊరందరికిని తెలుగున మాట్లాడిన పెట్టె, ఏబదియేండ్లు గడచిన పిమ్మట బీదవానితో తెలుగు తక్కువగ మాట్లాడుచున్నది. చానెళ్ళు ఒకటినుండి వందలైనను ఆ ముసలమ్మ కవి పెరిగినట్లు కాదు.

ఇంకొక మార్పును జరిగినది. 2022 మార్చి నాటికి దూరదర్శన్ తన పాత పద్ధతి ప్రసార స్తంభములను, కొన్ని ముఖ్యస్థలములలో దక్క, ఆపివేసెను. చేపముల్లు యాంటెన్నాకు కాలము చెల్లినది. 2016లో వచ్చిన చౌక ఇంటర్నెట్టుచే పడుచువారు ఫోనులోనే చూచుచున్నారు; తీగచందా మానువారు పెరుగుచున్నారు. అచ్చటను ఇవే రెండు పద్ధతులు: కొన్ని ప్రకటనలతో ఉచితము, కొన్ని నెలచందాతో. పరికరము మారును గాని ప్రశ్న మారదు.

కాబట్టి ఆ వృద్ధరైతునకు నేను చెప్పిన సమాధానము ఇది: వెల లేని ప్రసారము ఏనాడును లేదు. లైసెన్సుగనో, పన్నుగనో, సబ్బుబిళ్ళలోనో, నెలచందాగనో మనమే యిచ్చుచున్నాము. ఇచ్చువారము గనుక అడుగు అధికారమును మనదే. ఆకాశతరంగములు ప్రజల సొత్తని సుప్రీంకోర్టు చెప్పినది. 2007లో చేసిన చట్టమొకటి దేశమునకు ముఖ్యమైన ఆటలను హక్కులు కొన్నవారు దూరదర్శన్‌తో పంచుకొనవలెనని విధించినది. అందుచేతనే చందా లేనివాడును కొన్ని క్రికెట్ ఆటలను చూడగలుగుచున్నాడు. ఆటకు గలిగిన న్యాయము భాషకేల కలుగరాదు?

పెద్దలకు నా మనవి రెండు. తీగవాని నడిగి ధరల పట్టిక చూడుడు, కావలసిన చానెళ్ళ పేర్లు కాగితముపై వ్రాసి యిండు, రసీదు పుచ్చుకొనుడు. రెండవది, ఉచిత సేవలో తెలుగు చానెళ్ళకు స్థానములు వేరుగ నుంచుమని మీ పంచాయతి తీర్మానము చేసి ప్రసారభారతికి పంపుడు. పసుపు బోర్డు కొరకు మన జిల్లా రైతులు ఎన్నో యేండ్లు అడిగిరి. 2025 జనవరిలో నిజామాబాదునకు జాతీయ పసుపు బోర్డు వచ్చెను. అడిగినవారికే వచ్చును.

నేను చెప్పినదంతయు విని ఆ రైతు కొంతసేపు ఊరకుండి, పసుపు కుప్పపై గోనెపట్టా సరిచేసి, "అయితే ఫ్రీ అన్నోడు గూడ మన పైసలే తిన్నడన్నట్టు" అనెను. నూరేండ్ల చరిత్రను ఆయన యొక్క మాటలో చెప్పెను. దానికి నేను చేర్చవలసినది లేదు.